ఎర్రగా మండే దద్దుర్లకి మాక్సా, చైనా మూలికలు: ఏది ఎప్పుడు, ఎలా వాడాలి

చర్మం ఎర్రగా కందిపోయి, చెయ్యి పెడితే వేడిగా తగులుతూ, దురదతో నిద్ర పట్టనివ్వని దద్దుర్ల మీద మాక్సా పెట్టొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, పెట్టకూడదు. మాక్సా అంటే నిప్పు సెగ. మండుతున్న చర్మానికి ఇంకా సెగ తగిలిస్తే పుండు మీద కారం చల్లినట్టే. అలాగని అసలు పనికిరాదా అంటే అదీ కాదు, దానికి వేరే టైమ్ ఉంది, వేరే చోటు ఉంది. వేడి మీదున్నప్పుడు మూలికల కషాయం చల్లార్చి బయట నుంచి తడి గుడ్డ వెయ్యాలి. మంట తగ్గి, చర్మం ఎండి, అయినా మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంటే అప్పుడు మాక్సా, అది కూడా దద్దురుకి దూరంగా. లోపలికి తాగే మూలికలు మాత్రం సొంతంగా వద్దు, డాక్టర్ చేతుల్లోనే ఉండాలి. ఈ వరస గుర్తుంటే చాలా వరకు ప్రమాదం తప్పుద్ది.

నేను సింగపూర్‌లో ఉంటా, ఇక్కడ ఏడాది పొడుగునా ఉక్కపోతే కాబట్టి చెమటకాయలు, ఎగ్జిమా, దద్దుర్లు అందరికీ మామూలే. ఇక్కడి చైనా వాళ్ళు కూడా మనలాగే ఒంటికి వేడి చేసింది అంటారు, చలవ చేసే టీలు తాగుతారు, ఎండాకాలం అన్న తేడా లేకుండా పెసలు ఉడకబెట్టిన నీళ్ళు పటికబెల్లం వేసుకుని తాగుతారు. అందుకే మనవాళ్ళకి ఈ వైద్యం తొందరగా ఎక్కేస్తది, మా అమ్మమ్మ చెప్పిందే కదా అనిపిస్తది. చిక్కంతా అక్కడే, తెలిసినట్టే ఉంటది కాబట్టి ఎవర్నీ అడక్కుండా షాపుకెళ్ళి నాలుగు పొట్లాలు తెచ్చేసుకుని మరగబెట్టేస్తారు.

మాక్సా తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక రకం ఆకుని ఎండబెట్టి, దంచి, జల్లిస్తే ఈనెలు, పొడి అన్నీ పోయి దూదిలాంటి నూగు మిగుల్తది, దాన్ని కడ్డీలుగా చుట్టి ఒక కొన ముట్టించి చర్మానికి దగ్గరగా పెట్టి సెగ ఇస్తారు. ఆ ఆకుని చైనాలో ఐ అంటారు, జపాన్‌లో యొమోగి అంటారు. మనకి కొత్తదేం కాదు, వినాయక చవితికి 21 పత్రుల్లో అందరికంటే ముందు వేసే మాచీపత్రం ఈ జాతిదే. చైనాలో అయిదో నెల అయిదో రోజు, డ్రాగన్ బోట్ పండక్కి, దీన్ని గుమ్మాలకి కడతారు. హుబే రాష్ట్రంలో చీచున్ అనే ఊరు ఈ ఆకుకి పేరు, బెన్‌త్సావ్ గాంగ్‌మూ అనే పెద్ద మూలికల గ్రంథం రాసిన లీ షిజెన్ (1518–1593) ఊరు కూడా అదే.

ముందు అది ఏ దద్దురో చూడండి

ఇది స్కిప్ చేసి కిందకెళ్ళకండి. ఎర్రగా ఉన్నదంతా వేడి వల్ల వచ్చింది కాదు.

మెడ, వీపు, చంకలు, నడుం పట్టీ దగ్గర చిన్న చిన్న గింజల్లాగా వచ్చి చిమచిమలాడితే అవి చెమటకాయలు, వాటికి ఫ్యాను, వదులు కాటన్ బట్టలు, మామూలు నీళ్ళ స్నానం చాలు, ఏ మూలికా అక్కర్లేదు. ఉన్నట్టుండి ఉబ్బెత్తుగా లేచి కొన్ని గంటల్లో ఒక చోట తగ్గి ఇంకో చోట లేస్తుంటే అవి అలర్జీ దద్దుర్లు. మోచేతి మడత, మోకాలి వెనక ఎర్రగా అయ్యి, గోకితే రసి కారుతుంటే ఎగ్జిమా అయ్యుండొచ్చు. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి మధ్యలో మానుతూ బయటకి పాకుతుంటే అది తామర, ఫంగస్ అన్నమాట, దానికి యాంటీ ఫంగల్ మందు వాడాలి, మాక్సాతో పోదు, మెడికల్ షాపులో ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన మిక్స్ క్రీములతో ఇంకా మొండికేస్తది. రాత్రిళ్ళు దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో పొక్కులుండి, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి, అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి.

ఇంకోటి సర్పి. ఒంటికి ఒక పక్క మాత్రమే, పట్టీలాగా, నొప్పితో మొదలై నీటి పొక్కులొస్తాయి. చైనా పాత వైద్యంలో దీన్ని నడుముని చుట్టే నిప్పు అన్న అర్థంతో పిలుస్తారు, దక్షిణ చైనాలో గ్వాంగ్‌షీ అనే చోట జువాంగ్ జాతి వాళ్ళు మందులో నానబెట్టిన దారాన్ని ముట్టించి దీని చుట్టూ చురకలు పెట్టే పద్ధతి కూడా ఉంది. అది చూసి ఇంట్లో ట్రై చెయ్యకండి. సర్పికి వైరస్ మందు పొక్కులొచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తది, ఆ మూడు రోజులు ఇంటి వైద్యంలో పోగొట్టుకుంటే నొప్పి నెలల తరబడి మిగిలిపోవచ్చు. కంటి దగ్గర, ముక్కు కొన మీద వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

ఇవి ఉంటే ఈ గైడ్ మూసేసి సీదా హాస్పిటల్‌కి వెళ్ళండి: జ్వరంతో పాటు దద్దురు, పెదాలు లేదా నాలుక వాపు, ఊపిరాడకపోవడం, నోట్లోనో కళ్ళల్లోనో పుండ్లు, చర్మం పొరలుగా ఊడటం, గాజు గ్లాసు పెట్టి నొక్కినా రంగు తగ్గని ఊదా చుక్కలు, ఒక కాలు మాత్రమే ఎర్రగా వేడిగా వాచి నొప్పి. కొత్త మందు వేసుకున్న కొన్ని రోజులకో వారాలకో ఒళ్ళంతా వచ్చిన దద్దురు కూడా ఈ లిస్టులోదే. డెంగ్యూ సీజన్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు, దద్దురు కలిసి వస్తే బ్లడ్ టెస్ట్ చేయించండి, కషాయం తర్వాత.

వేడిదా, ఎండిపోయినదా

ఇక్కడి నుంచి అసలు పని. దద్దురుని చేత్తో తాకి చూడండి. ఎర్రగా, వేడిగా, వాచి, రసి కారుతూ, చల్ల నీళ్ళు తగిలితే హాయిగా అనిపిస్తుంటే దాన్ని వేడి దద్దురు అనుకోండి. రంగు మాసి, పొడిబారి, పొట్టు రాలుతూ, చర్మం మందంగా గరుగ్గా అయ్యి, నెలల తరబడి అదే చోట ఉంటే అది పాతది. చైనా డాక్టర్లు నాడి, నాలుక కూడా చూస్తారు, నాలుక ఎర్రగా పసుపు పూతతో ఉంటే వేడి కిందే లెక్క. మనం ఇంట్లో అంత దూరం పోనక్కర్లేదు, తాకి చూడటం సరిపోతది.

ఎందుకింత పట్టింపు అంటే, మాక్సా వాడే వైద్యమే దీని గురించి గట్టిగా హెచ్చరించింది. సుమారు 1800 ఏళ్ళ కింద జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన షాంగ్‌హాన్ లున్ అనే చైనా వైద్య గ్రంథంలో, నాడి సన్నగా వేగంగా కొట్టుకుంటున్నప్పుడు మాక్సా జోలికి పోవద్దని, నిప్పు చిన్నదే అయినా లోపలికి దాని దెబ్బ పెద్దదని ఉంటది. దీనికి ఎదురు వాదం కూడా పాతదే, జూ దాన్‌షీ (1281–1358) లాంటి వైద్యులు సెగ పెడితే లోపలి వేడి బయటకి లాగుద్ది అని వాదించారు, సెగ్గడ్డ మీద వెల్లుల్లి బిళ్ళ పెట్టి దాని మీద మాక్సా కాల్చే పద్ధతి ఇంకా ముందు నుంచే ఉంది. ఇప్పటికీ చైనాలో రెండు వర్గాలూ ఉన్నాయి. ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను మొదటి వర్గం మాటే చెప్తా. సెగకి రక్తనాళాలు విప్పారతాయి, దురద పెరుగుతది, అలర్జీ దద్దుర్లు కొందరికి వేడి తగిల్తేనే లేస్తాయి, ఇది ఏ వైద్యం వాళ్ళైనా ఒప్పుకునే సంగతే. పైగా ఆ వెల్లుల్లి బిళ్ళ పద్ధతి యూట్యూబ్‌లో చూసి చేస్తే, నిప్పు సంగతి పక్కన పెట్టండి, పచ్చి వెల్లుల్లి ఒక్కటే చర్మాన్ని బొబ్బలెక్కించేస్తది.

వేడి దద్దురుకి తడి గుడ్డ

నాకు అన్నిట్లోకీ బాగా నచ్చింది, ఖర్చు లేనిది, రిస్క్ తక్కువది ఇదే. చైనా చర్మ వైద్యంలో రసి కారే ఎగ్జిమాకి మా ఛీ షియన్ అనే మొక్క కషాయంతో తడి గుడ్డ వెయ్యడం చాలా మామూలు పద్ధతి. ఆ మొక్క ఏంటో కాదు, మన గంగవాయిలి కూరే. కొన్ని చోట్ల పావిలికూర అంటారు, తెలంగాణలో పప్పులో వేసుకుంటారు. చైనా షాపులో ఎండబెట్టింది దొరుకుద్ది, మన ఊళ్ళో అయితే పచ్చిదే కట్టలు కట్టి అమ్ముతారు.

ఎండింది 30 గ్రాములు, పచ్చిదైతే రెండు మూడు గుప్పెళ్ళు బాగా కడిగి, లీటరు నీళ్ళలో వేసి, మరుగు వచ్చాక సిమ్‌లో పెట్టి 20 నిమిషాలు ఉంచండి. స్టీలు గిన్నె గానీ మట్టి కుండ గానీ వాడండి, ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె వద్దు. వడకట్టి పూర్తిగా చల్లారనివ్వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడే వేసెయ్యకండి, చల్లదనమే కదా మనకి కావాల్సింది. ఫ్రిజ్‌లో పెట్టి ఐసు లాగా చెయ్యక్కర్లేదు కూడా, గది చల్లదనం చాలు. ఏ రోజుది ఆ రోజు చేస్కోండి, నిన్నటి కషాయం పుండు మీద వెయ్యొద్దు.

గాజుగుడ్డ నాలుగు నుంచి ఆరు మడతలు వేసి కషాయంలో ముంచి, నీళ్ళు కారకుండా, అలాగని పొడిగా కాకుండా పిండి, దద్దురు మీద అంటుకునేలా పరవండి. అయిదు నిమిషాలకోసారి తీసి మళ్ళీ ముంచి వెయ్యండి, అంతా కలిపి 15–20 నిమిషాలు. రోజుకి రెండు మూడు సార్లు. పైన ప్లాస్టిక్ కవర్ చుట్టకండి, గాలి ఆడితేనే వేడి లాగుద్ది. ఒంట్లో మూడో వంతు కంటే ఎక్కువ చోట ఒకేసారి వెయ్యొద్దు, చలి పట్టేస్తది, పిల్లలకి ముసలోళ్ళకి మరీను. మొదటిసారి మోచేతి లోపలి వైపు మంచి చర్మం మీద కాస్త రాసి ఒక రోజు చూసి అప్పుడు మొదలుపెట్టండి, ఆకు కూరే కదా అనుకోవద్దు, ఎవరికి ఏది పడదో చెప్పలేం.

ఇంకొంచెం ఘాటుగా కావాలంటే హువాంగ్ బాయ్ అనే చెట్టు బెరడు, కూ షెన్ అనే వేరు కలుపుతారు. హువాంగ్ బాయ్‌లో బెర్బెరిన్ ఉంటది, మన మానుపసుపులో ఉన్నదే, అందుకే పసుపు పచ్చగా ఉంటది, బట్టలకి అంటితే మరక పోదు, పాత టవల్ పరుచుకోండి. ఇవి కూడా బయటకే. సింగపూర్‌లో 1978లో బెర్బెరిన్ ఉన్న మూలికల్ని బ్యాన్ చేశారు, అప్పుడే పుట్టిన పిల్లల్లో, ముఖ్యంగా జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తొందరగా చితికిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్ళలో, కామెర్లు ముదురుతాయన్న భయంతో. ఆ బ్యాన్ తర్వాత ఎత్తేశారు, అయినా చంటి పిల్లలకి నేనైతే ఈ రెండూ వాడను, ఒట్టి నీళ్ళ తడి గుడ్డే వేస్తా.

రసి ఆగి, ఎరుపు తగ్గాక తడి గుడ్డ ఆపెయ్యండి. బాగుంది కదా అని పది రోజులు వేసుకుంటూ పోతే చర్మం ఎండి పగుల్తది. అక్కడి నుంచి మాయిశ్చరైజర్. పొడిబారిన చోట రాయడానికి జపాన్ వాళ్ళ ఊదారంగు ఆయింట్‌మెంట్ ఒకటుంది, షియున్‌కో అంటారు, నువ్వుల నూనె, తేనె మైనం, ఒక ఊదా వేరు, తాంగ్ క్వే వేరు వేసి చేస్తారు. 1804లో మత్తు మందు ఇచ్చి ఆపరేషన్ చేసిన హనాఒకా సెయ్‌షూ అనే సర్జన్ దీన్ని తయారు చేశాడు, 1617 నాటి చైనా సర్జరీ పుస్తకంలోని ఆయింట్‌మెంట్‌ని మార్చి. పాత పద్ధతిలో పంది కొవ్వు కూడా వేస్తారు, తినకపోయినా రాసుకోవడం కూడా పడనివాళ్ళు లేబుల్ చూస్కోండి. రసి కారుతున్నప్పుడు మాత్రం ఏ నూనె మందూ వద్దు, వేడి లోపలే ఉండిపోద్ది.

ఇప్పుడు మాక్సా

మంట పూర్తిగా తగ్గింది, చర్మం మీద వేడి లేదు, కానీ ప్రతి నెలా తిరగబెడుతుంది, లేదా ఎప్పటి నుంచో మందంగా ఉండిపోయి దురద పెడుతుంది, అలాంటప్పుడు మాక్సా ట్రై చెయ్యొచ్చు. దీనికి గట్టి రుజువులున్నాయా అంటే, చర్మ రోగాల్లో మాక్సా మీద జరిగిన స్టడీలు ఎక్కువ చిన్నవి, అంత నాణ్యమైనవి కావు. నా మటుకు నాకు ఇది దురద వైపు నుంచి మనసు మళ్ళించి, రాత్రి నిద్ర పట్టించే సాయం లాంటిది, స్కిన్ డాక్టర్ ఇచ్చిన క్రీము మానేసి దీని మీద ఆధారపడటం తెలివితక్కువ.

షుగర్ ఉండి కాళ్ళల్లో స్పర్శ తగ్గినవాళ్ళు అస్సలు చెయ్యొద్దు, కాలినా తెలీదు. గర్భిణీలు డాక్టర్‌ని అడక్కుండా వద్దు. ఆస్తమా ఉన్న ఇంట్లో ఆ పొగ వద్దు. మొహం, కళ్ళ దగ్గర, తెగిన చర్మం, రక్తనాళం ఉబ్బిన చోటు వద్దు. పిల్లలకి ఇంట్లో పెట్టొద్దు, మన దగ్గర పసిపిల్లలకి వాతలు పెట్టి ఏం సాధించారో అందరికీ తెలుసు, మళ్ళీ ఆ పని ఫారిన్ పేరుతో మొదలుపెట్టక్కర్లేదు.

కడ్డీ కొనేటప్పుడు విరిచి లోపల చూడండి. పాతబడిన మంచి నూగు మెత్తగా, లేత బంగారు రంగులో ఉంటది, ఆకుపచ్చగా గరుగ్గా ఈనెలు కనపడితే కొత్తది, ఎక్కువ పొగ, ఎక్కువ చురుక్కుమంటది. మూడేళ్ళు నిలవున్న ఆకు మంచిదని మెన్షియస్ అనే పాత చైనా తత్వవేత్త కాలం నుంచీ మాట ఉంది. మామూలు కడ్డీ 20 సెంటీమీటర్ల పొడవు, వేలు కంటే కాస్త లావు. పొగ లేని బొగ్గు కడ్డీలు ఉంటాయి, అపార్ట్‌మెంట్ వాళ్ళకి అవే నయం, ఎందుకంటే మామూలు మాక్సా పొగ అచ్చం గంజాయి వాసనొస్తది, పక్కింటోళ్ళు ఏమనుకుంటారో మీ ఇష్టం. స్మోక్ అలారం ఉన్న గదిలో వద్దు. జపాన్ వాళ్ళవి స్టిక్కర్ లాగా అతికించేవి కూడా దొరుకుతాయి, తేలికే, కానీ మన చేతిలో కంట్రోల్ ఉండదు, చురుక్కుమనగానే పీకెయ్యాలి.

ఎక్కడ పెట్టాలి. దద్దురు మీద కాదు, దాని చుట్టూ కూడా కాదు. ఈ పాయింట్లు (ఆక్యుపంక్చర్‌లో సూదులు గుచ్చే చోట్లే) నేర్చుకోండి. చూ ఛీ: మోచెయ్యి మడిస్తే మడత గీత బయటి వైపు ఎక్కడ ఆగుద్దో అక్కడ, చర్మ రోగాలకి చైనా డాక్టర్ల చెయ్యి మొదట పోయేది దీని మీదకే. శ్వే హాయ్: కూర్చుని మోకాలి చిప్ప పై అంచు లోపలి మూల నుంచి మూడు వేళ్ళ పైన, తొడ కండ ఉబ్బుగా ఉండే చోట. జూ సాన్ లీ: మోకాలి చిప్ప కింద బయటి వైపు గుంట నుంచి నాలుగు వేళ్ళు కిందకి, ముందు ఎముక నుంచి ఒక వేలు బయటకి, నొక్కితే జివ్వుమంటది. జపాన్‌లో చర్మ రోగాలకి భుజం మీద, చెయ్యి పక్కకి ఎత్తితే ముందు వైపు పడే గుంటలో కూడా పెడతారు. పాయింటు ఉన్న చోటే దద్దురు ఉంటే ఆ పాయింటు వదిలెయ్యండి, ఇంకోటి చేస్కోండి.

కిటికీ తీసి, పక్కన ఇసుక పోసిన గాజు సీసా ఒకటి, తడి గుడ్డ ఒకటి, బూడిద రాల్చుకోడానికి ప్లేటు పెట్టుకోండి. కడ్డీ కొన కొవ్వొత్తి మీద ఓపిగ్గా తిప్పుతూ మొత్తం ఎర్రగా రాజేలా ముట్టించండి, ఒక పక్కే అంటితే సెగ సమంగా రాదు. చర్మానికి మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. రెండో చేతి చూపుడు వేలు, నడిమి వేలు పాయింటుకి అటూ ఇటూ చర్మానికి ఆనించి ఉంచండి, సెగ ఎక్కువైతే ముందు మీ వేళ్ళకే తెలుస్తది, ఇంకొకళ్ళకి చేస్తున్నప్పుడు ఇది మర్చిపోవద్దు. హాయిగా వెచ్చగా ఉండాలి, ఓర్చుకోవాల్సి వస్తే దూరం జరపండి. నిమిషానికోసారి బూడిద ప్లేట్లో రాల్చండి, కాలిన ప్రమాదాల్లో సగం ఈ బూడిద పడే జరుగుతాయని నా అనుమానం. ఒక్కో పాయింటుకి అయిదు నుంచి పది నిమిషాలు, చర్మం లేత గులాబీ రంగుకి వస్తే చాలు. రోజు మార్చి రోజు, సారికి రెండు మూడు పాయింట్లు మించొద్దు.

అయిపోయాక కడ్డీ వెలిగిన కొనని ఇసుకలోకి గుచ్చి ఆర్పండి. ఆరినట్టే కనపడి లోపల రాజుతూ ఉంటది, చెత్త డబ్బాలో వేశారంటే ఇల్లు అంటుకుంటది. పొరపాటున కాలితే కుళాయి నీళ్ళ ధార కింద 20 నిమిషాలు ఉంచండి, టూత్‌పేస్ట్ అవీ రాయకండి, బొబ్బ వస్తే గిల్లకండి. మాక్సా పెట్టిన రోజు రాత్రి దద్దురు మళ్ళీ ఎర్రబడితే, విషం బయటకొస్తుందిలే అని ఎవరైనా సర్దిచెప్తారు, నమ్మకండి. ఇంకా వేడి దిగలేదని అర్థం, మాక్సా ఆపి తడి గుడ్డకి వెళ్ళండి.

తాగే మూలికలు

ఇక్కడ ఎలా చేయాలో కంటే ఏం అడగాలో చెప్తా. వేడి దద్దుర్లకి చైనా డాక్టర్లు ఎక్కువగా వాడేవి జిన్ యిన్ హువా పూలు, షెంగ్ తీ హువాంగ్ వేరు, మూ తాన్ పీ బెరడు, హువాంగ్ చిన్ వేరు, అతిమధురం లాంటివి. దురద దద్దుర్లకి పేరున్న ఫార్ములా షియావ్ ఫెంగ్ సాన్, పైన చెప్పిన 1617 సర్జరీ పుస్తకంలోదే, రాసినాయన చెన్ షిగోంగ్. అందులో 13 వస్తువులు, ఒకటి కీచురాయి లాంటి సికాడా పురుగు విడిచిన పొట్టు. శాకాహారులు ముందే చెప్పండి, లేకపోతే సగం తాగాక తెలిసి బాధపడతారు.

ఆ 13లోనే ము తోంగ్ అని ఒకటుంది, అసలు ప్రమాదం దీంతోనే. దీని పేరు మీద అరిస్టోలోకియా జాతి తీగ అమ్మేవాళ్ళు, అది కిడ్నీల్ని పాడు చేస్తది, క్యాన్సర్ తెప్పిస్తది. బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గే క్లినిక్‌లో ఇలాంటి మూలిక కలిసిన మాత్రలు మింగి వంద మందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. చైనా 2003లో ఆ రకం ము తోంగ్‌ని ఆపేసింది, కానీ ఆన్‌లైన్లో ఎవరో అమ్మే పొట్లంలో ఏముందో మీకెలా తెలుస్తది. మన ఈశ్వరవేరు, గాడిదగడపాకు కూడా ఆ జాతివే, మనదేలే అని అవి మరగబెట్టుకుని తాగడం కూడా అంతే ప్రమాదం. బాయ్ షియన్ పీ అనే ఇంకో దురద మూలికతో లివర్ దెబ్బతిన్న కేసులు రిపోర్టయ్యాయి.

పనిచేస్తాయా అంటే, 1992లో లండన్‌లో 10 మూలికల కషాయంతో ఎగ్జిమా మీద జరిగిన ట్రయల్ ఫలితం బాగా వచ్చింది, 1999లో హాంకాంగ్‌లో అదే తరహా మందుతో చేస్తే తేడా తేలలేదు. 2007లో మళ్ళీ హాంకాంగ్‌లోనే అయిదు మూలికల క్యాప్సూల్స్ పిల్లలకి ఇచ్చి చూస్తే ఎగ్జిమా స్కోర్‌లో పెద్ద తేడా లేదు గానీ స్టెరాయిడ్ క్రీము వాడకం తగ్గింది. కాబట్టి అద్భుతం కాదు, శుద్ధ దండగా కాదు. తాగాలనుకుంటే రిజిస్టర్ అయిన డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, సింగపూర్‌లో చైనా వైద్యులకి విడిగా బోర్డు ఉంది, పేరు కొట్టి చూస్కోవచ్చు. ఇండియాలో ఆక్యుపంక్చర్‌ని 2019లో ప్రభుత్వం గుర్తించింది, అది సూదుల వరకు, అంతమాత్రాన సూదులు వేసే ఆయనకి చైనా మూలికలు తెలుసని కాదు, రెండూ వేరే చదువులు. మొదలుపెట్టే ముందు లివర్, కిడ్నీ టెస్ట్ చేయించి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించండి. రక్తం పల్చబడే మందు, షుగర్ మందు, మెథోట్రెక్సేట్ (సోరియాసిస్‌కి, కీళ్ళవాతానికి ఇచ్చే మందు) లాంటివి వాడుతుంటే దాచకుండా చెప్పండి. పొట్లం మీద ప్రతి మూలిక పేరు, ఎన్ని గ్రాములో రాసి ఇమ్మనండి. సీక్రెట్ ఫార్ములా అన్నారంటే లేచి వచ్చెయ్యండి.

డాక్టర్ ఇచ్చాక కాచడం తేలికే. చల్ల నీళ్ళల్లో అరగంట నానబెట్టి, అదే నీళ్ళతో మూలికల మీద రెండు వేళ్ళ ఎత్తు ఉండేలా చూసి, పొంగు వచ్చాక సన్న సెగ మీద 20 నుంచి 30 నిమిషాలు. పుదీనా లాంటి వాసన ఆకులుంటే ఆఖరి అయిదు నిమిషాల్లో వెయ్యాలి, రాళ్ళు, గవ్వల లాంటివి ఉంటే ముందు వెయ్యాలి. వడకట్టి, మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి కాచి, రెండూ కలిపి పొద్దునా సాయంత్రం రెండు భాగాలుగా తాగుతారు. రుచి దారుణంగా ఉంటది, కూ షెన్ ఉంటే మరీ, కాకరకాయ తినేవాళ్ళు కూడా మొహం తిప్పేస్తారు. తాగినన్ని రోజులూ రొయ్యలు, పీతలు, మేకమాంసం, మద్యం మానమంటారు, మనవాళ్ళు దురదకి వంకాయ మానినట్టే. విరోచనాలు, కడుపునొప్పి, మూత్రం ముదురు రంగు, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆపండి.

క్రీముల గురించి ఒక మాట. మూలికల క్రీము అని ఇచ్చింది రెండ్రోజుల్లో ఎగ్జిమాని తుడిచేసినట్టు పోగొడితే సంతోషపడే ముందు అనుమానపడండి. 1999లో లండన్‌లో 11 చైనా మూలికల క్రీములు టెస్ట్ చేస్తే 8 వాటిల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది, పిల్లల మొహాలకి రాస్తున్నవి కూడా ఉన్నాయి వాటిల్లో. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, ఎంత రాస్తున్నామో తెలీకుండా రాయడం చెడ్డది.

మొదటి రోజు నుంచీ రోజుకో ఫొటో తీస్కోండి, అదే వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి, ఎంత పాకిందో తెలుస్తది. తడి గుడ్డ మూడు నాలుగు రోజులు వేసినా ఎరుపు తగ్గకపోతే, చీము పడితే, వాసనొస్తే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. వెళ్ళేటప్పుడు ఆ ఫొటోలు, వాడిన క్రీములు, మూలికల పొట్లాలు అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, తిడతారేమో అని మాక్సా సంగతి దాచొద్దు, కాలిన మచ్చ చూసి ఆయన ఇంకేదో అనుకుని వేరే మందు రాస్తాడు.